కొత్తగా ఇన్‌ఛార్జ్ సిస్టర్ అయిన అమ్మాయికి

అమ్మాయ్,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా. ఇన్‌ఛార్జ్ అయ్యి నెల కూడా కాలేదు, అప్పుడే "ఈ వార్డులో ఎవ్వరూ మారరు మేడం" అని ఏడుపు గొంతు. గుంటూరు కొత్తపేట ఆస్పత్రుల్లో ముప్పై ఏళ్లు చేసి రిటైరైనదాన్ని, ఈ మాట ఎంతమంది నోట విన్నానో.

హ్యాండోవర్, అంటే డ్యూటీ దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి పేషెంట్ల సంగతులు అప్పజెప్పడం, కౌంటర్ దగ్గర కాదు, బెడ్ దగ్గరే ఇవ్వాలి అన్నావు, మంచి రూలే. కానీ ఆరుగుర్ని వరసగా నిలబెట్టి ఒకటే మాట చెప్పావు, అది ఆరుగురికీ ఆరు రకాలుగా వినపడింది.

"టైం లేదు మేడం" అని మొహం మీదే అన్న నైట్ సిస్టర్‌ని మొండిది అంటున్నావే, నేనైతే ముందు ఆమెతోనే కూర్చుంటా. ఆమెది మంగళగిరి, డ్యూటీ ఎనిమిదింటికి దిగి షేర్ ఆటో పట్టుకుని ఇంటికెళ్లి పిల్లాడిని స్కూలుకి పంపాలి, ఇరవై బెడ్లకీ నిలబడి చెప్తే అరగంట పోద్ది, ఇంక ఆమె అరవక ఏం చేస్తుంది. ముందు ఏ బెడ్లు చూడాలో నువ్వే చెప్పమ్మా అని అడుగు. ఆపరేషన్ అయినవాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, రాత్రి కొత్తగా అడ్మిట్ అయినవాళ్లు అని టకటకా చెప్పేస్తుంది, నీ రూల్లో ఎక్కడ తేడా ఉందో కూడా తనే చెప్తుంది. అరిచేవాళ్లతో భయం లేదు. "సరే మేడం" అని తలూపి, నువ్వటు తిరగ్గానే మళ్లీ కౌంటర్ దగ్గర చేరేవాళ్లని కనిపెట్టుకుని ఉండు.

సైకాలజీ వాళ్లు మనిషి స్వభావాన్ని ఐదు కొలతల్లో చూస్తారు కదా, కొత్తదనం మీద ఇష్టం, పనిలో పట్టింపు, నలుగురిలో కలిసే చొరవ, సర్దుకుపోవడం, కంగారు. తెలుసుకుంటే మంచిదే, కానీ దాంతో మనుషులకి స్టిక్కర్లు అంటించొద్దు. నాకు అర్థమవడానికి చాలా ఏళ్లు పట్టిన సంగతి ఒకటుంది, ఎక్కువ అడ్డుపడేది బద్ధకస్తులు కాదు, పట్టింపు ఉన్నవాళ్లే. మీ వార్డులో రిజిస్టర్ ముత్యాల్లా రాసే పెద్ద సిస్టర్ ఉందన్నావు చూడు, ఆమెకి నీ కొత్త హ్యాండోవర్ ఫార్మాట్ అంటే ఇన్నేళ్ల తన పనికి కొట్టివేత గీత పెట్టినట్టే. ఆ ఫార్మాట్ ఆమె చేతికే ఇచ్చి, మీరే గళ్లు గీయండక్కా అను.

ఇక నేను చేసిన వెధవ పని చెప్తా, ఇది నువ్వు చెయ్యొద్దు. కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టే సన్న గొట్టం) టేపు మీద, అది పెట్టిన తారీఖు రాయాలని అప్పట్లో రూల్ పెట్టా. ఒక కొత్త పిల్ల, అసలే నోట్లో మాట రాని పిల్ల, మర్చిపోయింది. రౌండ్స్‌లో పేషెంట్ల ముందే కడిగేశా. తర్వాత ఒక రోజు వార్డులో ఇద్దరు వెంకటేశ్వర్లు, ఏడో బెడ్ ఒకాయన, తొమ్మిదో బెడ్ ఒకాయన (మన గుంటూరులో ఇది వింతేం కాదుగా), ఆ పిల్ల ఒకాయన ఇంజెక్షన్ ఇంకొకాయనకి చేసేసింది, సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు. ఆయన అదృష్టం బాగుండి ఏం కాలేదు. ఎందుకు చెప్పలేదే అంటే "మీరు తిడతారని మేడం" అంది. తప్పు ఆమెదే, కానీ ఆ నోరు మూయించింది నేనే. అప్పట్నుంచి తిట్టేదేదైనా ఉంటే మందుల గదిలోకి పిలిచి తిట్టేదాన్ని, పేరుతో పాటు ఐపీ నంబర్ (పేషెంట్ అడ్మిషన్ నంబర్) కూడా చదివి తీరాలని పెట్టా.

మరి డాక్టర్లు మారతారా అంటావా? ఆపరేషన్ థియేటర్‌లో వాడే ఆ ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) చెక్‌లిస్ట్ ఉంది చూడు, 2008లో వచ్చింది, 19 అంశాలు. ఢిల్లీతో కలిపి 8 నగరాల ఆస్పత్రుల్లో పెట్టి చూస్తే మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో మెడికల్ జర్నల్లో వేశారు. అందులో నాకు బాగా నచ్చింది, కోత పెట్టే ముందు అందరూ పేరు, పని చెప్పుకోవాలనేది. మా సర్జన్ గారు మొదట్లో "ఇదేమన్నా పెళ్లిచూపులా" అని ఎగతాళి చేశారు. నేను వాదించలా. ముందు మీరు చెప్పండి సార్ అన్నా, ఆయన చెప్పాక టెక్నీషియన్ కుర్రాడు చెప్పాడు, ఆ కుర్రాడే ఇంకో వారంలో "సార్, గాజ్ గుడ్డ ఒకటి లెక్క తక్కువుంది" అని గట్టిగా అన్నాడు, అంతకుముందు అయితే గొణిగేవాడు.

వార్డు ఊడ్చి తుడిచే ఆయమ్మని మాత్రం మర్చిపోకు. ఏ పేషెంట్ రాత్రి నిద్రపోలేదో, ఎవరు చేతులు కడుక్కోకుండా డ్రెస్సింగ్ చేస్తారో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలీదు, మీటింగులకి ఆమెని పిలవం, పిలిచినా పదిమందిలో పలకదు. మధ్యాహ్నం టీ టైంలో పక్కన కూర్చుని అడుగు.

అన్నీ ఒకేసారి మొదలెట్టకు, ముందు ఒక్క హ్యాండోవరే. రెండు నెలలు పట్టుద్ది, పట్టనీ. ఆదివారం డ్యూటీ లేకపోతే ఇంటికి రా, గోంగూర మాంసం వండుతా. ఆ ఫార్మాట్ కాగితం కూడా తీసుకురా, అందులో నీ రాత కన్నా ఆ పెద్ద సిస్టర్ రాత ఎక్కువ కనపడాలి నాకు.

ఇట్లు
మీ మేడం