బీటెక్ మానేసి కండక్టర్ అవుతానంటున్నాడు

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయికి 19 ఏళ్లు, బీటెక్ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుని గ్రేడ్ పరీక్షల్లో చివరిదైన గ్రేడ్ 8 పాసయ్యాడు. ఇప్పుడు చదువు మానేసి జర్మనీ వెళ్లి సింఫనీ ఆర్కెస్ట్రా కండక్టర్ (పెద్ద వాద్యబృందాన్ని చేతి సైగలతో నడిపించేవాడు) అవుతానంటున్నాడు. ‘ముంబై నుంచి వెళ్లి పెద్ద కండక్టరైన జుబిన్ మెహతా కూడా డాక్టర్ చదువు వదిలేసే వెళ్లాడు’ అంటాడు. నేను వద్దన్నాను. నెల రోజులుగా మా మధ్య మాటల్లేవు, ఏదైనా వాళ్లమ్మతో చెప్పించడమే. ఏం చేయమంటారు?

సలహా: ముందు జుబిన్ మెహతా సంగతి తేల్చేద్దాం. లేకపోతే మీ ఇంట్లో ఈ వాదన తెగదు. ఆయన 1954లో 18 ఏళ్లకే వియన్నా వెళ్లిన మాట నిజం. అయితే తండ్రి మెహ్లీ మెహతా వయొలినిస్టు, బాంబే సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపకుడు. రిహార్సళ్ల మధ్య పెరిగిన పిల్లవాడాయన. మీవాడికి ఆ వాతావరణం దొరకలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు గానీ, లెక్కలోకి తీసుకోక తప్పదు.

మీరు వద్దంటున్నారు, అతను వెళ్తానంటున్నాడు. అసలు ప్రశ్న ఇద్దరూ అడగలేదు: అతనికి పియానో ఎంత వచ్చు? జర్మనీలో కండక్టింగ్ కోర్సు ప్రవేశ పరీక్ష చాలావరకు పియానో ముందే నడుస్తుంది. బాఖ్ ఫ్యూగ్, బీథోవెన్ సొనాటా లాంటి కష్టమైన రచనలు వాయించాలి. ముందెప్పుడూ చూడని ఆర్కెస్ట్రా స్కోరును (వాద్యానికో వరుస చొప్పున అందరి స్వరాలూ ఒకే పేజీలో రాసిన పుస్తకం) అక్కడికక్కడే పియానో మీద పలికించాలి. విన్న స్వరాలను గుర్తుపట్టే చెవి పరీక్ష ఉంటుంది. ఇద్దరు పియానిస్టులు సింఫనీ వాయిస్తుంటే కండక్ట్ చేసి చూపించాలి. అక్కడ వయొలిన్ గ్రేడ్ 8 ఒక్కటే గట్టెక్కించదు. ఇంత పట్టింపు ఎందుకంటే, అక్కడ యువ కండక్టర్లలో చాలామందికి తొలి ఉద్యోగం ఒపేరా (పాటలతో నడిచే నాటకం) హౌస్‌లో కొరెపెటిటర్‌గా దొరుకుతుంది. అంటే గాయకులకు పియానో వాయిస్తూ వాళ్ల పాత్రలు నేర్పించడం. ఆ తర్వాతే అక్కడి కండక్టర్ పదవులైన రెండో కపెల్‌మైస్టర్, మొదటి కపెల్‌మైస్టర్. పియానో రానివాడికి ఆ మొదటి మెట్టే అందదు.

స్కోరు చదవడం ఇంకో పరీక్ష. పేజీకి పదిహేను, ఇరవై వరుసలు ఉంటాయి. వయోలాకు క్లెఫ్, అంటే ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు, వేరు. ఎఫ్ హార్న్‌కు ‘స’ రాస్తే కింది ‘మ’ మోగుతుంది. బి ఫ్లాట్ క్లారినెట్ రాసినదానికి ఒక టోన్ కింద పలుకుతుంది. ఇవన్నీ కళ్లు చూస్తుండగానే వేళ్లు మార్చుకోవాలి. హైడన్ రాసిన స్ట్రింగ్ క్వార్టెట్లతో (నాలుగు తీగ వాద్యాల రచనలు) మొదలుపెట్టమనండి. నాలుగే వరుసలు, సగం వేగం చాలు. అవి తడబడకుండా వచ్చాక హార్న్, క్లారినెట్ వరుసలు ఒక్కొక్కటే కలుపుకోవాలి. స్కోర్లు ఐఎంఎస్ఎల్‌పీ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

కాబట్టి బీటెక్ ఇప్పుడే మానాల్సిన పని లేదు. పరీక్షకు తయారవడానికి ఎలాగూ రెండేళ్లు కావాలి, డిగ్రీకి మిగిలినవీ రెండేళ్లే. రోజుకు రెండు గంటలు పియానో, వారానికి ఒక మంచి టీచర్ క్లాసు, పక్కన బి1 (మధ్య స్థాయి) దాకా జర్మన్ భాష. వెయిటెడ్ కీస్ (అసలు పియానోలా బరువుగా దిగే మీటలు) ఉన్న 88 కీల డిజిటల్ పియానో కొనండి, చిన్న కీబోర్డుతో వేళ్లకు బలం రాదు. కొన్ని విద్యాలయాలు వయోపరిమితి పెడతాయి, అది మాత్రం ఇప్పుడే చూసుకోవాలి.

చేతులకు అభ్యాసం గుంటూరులోనే దొరుకుతుంది. నాలుగు గొంతుల్లో పాడే చర్చి క్వాయర్లు మీ ఊళ్లో ఉన్నాయి. ఒకదానికి సహాయకుడిగా వెళ్లి, క్రిస్మస్‌కు రెండు కారల్స్ తయారు చేయనివ్వండి. వీడియో తీసి చూసుకోవాలి. కొత్తవాళ్లు రెండు చేతులూ అద్దంలోలా ఒకేలా ఊపుతారు, స్కోరులోంచి తల ఎత్తరు, మొదటి బీటుకు ముందు శ్వాస తీసుకునే సైగ ఇవ్వరు. ఆ సైగ లేకపోతే ఇరవై మంది ఇరవై చోట్ల ఎత్తుకుంటారు. పెద్దవాళ్లను నొప్పించకుండా సరిదిద్దగలడా అన్నదీ అక్కడే తెలుస్తుంది. ఈ వృత్తిలో సగం అదే.

డబ్బు విషయానికొస్తే, జర్మనీలో చాలా ప్రభుత్వ సంగీత విద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మన విద్యార్థులకు సెమిస్టరుకు 1,500 యూరోలు. స్టూడెంట్ వీసాకు బ్లాక్డ్ ఖాతాలో (నెలకింత చొప్పునే తీయనిచ్చే ఖాతా) ఏడాదికి, 2025 లెక్క ప్రకారం, 11,904 యూరోలు చూపించాలి, సుమారు 12 లక్షలు. తిరిగొచ్చి ఇక్కడ చేస్తానంటే, ముంబైలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా తప్ప ఆ స్థాయిలో నిలకడగా జీతమిచ్చే చోటు మన దేశంలో లేదు. ఉద్యోగం యూరప్‌లోనే వెతుక్కోవాలని అతనికి ముందే తెలియాలి. గెస్ట్ కండక్టరైతే వారానికో ఊరు, నాలుగైదు రిహార్సళ్లు, కచేరీ, మళ్లీ రైలు. పెళ్లి గురించి మీరు భయపడుతుంటే ఆ మాట కూడా దాచకుండా అతనితోనే అనండి.

వాళ్లమ్మను మధ్యలో నిలబెట్టడం ఈరోజే ఆపండి. మీరే వెళ్లి కూర్చుని, "పియానో, టీచరు ఖర్చు నాది, డిగ్రీ పూర్తి చేయడం నీ వంతు" అనండి. ఏడాదిన్నర తర్వాత ప్రవేశ పరీక్షల సంగతి తెలిసిన, మీకు బంధుత్వం లేని టీచరు ముందు వాయించాలని, ఆయన మాటకు ఇద్దరూ కట్టుబడాలని కాగితం మీద రాసుకోండి. ఒకవేళ ఆయన కాదంటే "నేనప్పుడే చెప్పాను" అనకూడదన్న షరతు మీ వైపు నుంచి అందులోనే చేర్చండి.