హార్న్ స్పీకర్లు కొనేముందు: అమ్మలుకి బాబాయ్ ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి,

బాబాయ్ ఆశీస్సులు. నీ ఉత్తరం నిన్న అందింది. స్నేహితురాలి ఇంట్లో హార్న్ స్పీకర్లు, అంటే ముందు బాకాలా విచ్చుకున్న స్పీకర్లు, విన్నప్పటి నుంచి నీ దగ్గరున్నవి చప్పగా అనిపిస్తున్నాయని రాశావు. నాకేమీ ఆశ్చర్యం వెయ్యలేదు. నేను మొదటిసారి హార్న్‌లు విన్నప్పుడు, పాట ఎత్తుకునే ముందు గాయని తీసుకున్న ఊపిరి గదిలో వినిపించింది. ఆ పాట అంతకుముందు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ ఊపిరి వినడం మాత్రం అదే మొదటిసారి. ముప్పై ఏళ్ళుగా నా గదిలో హార్న్‌లే ఉన్నాయి. అయినా కొనమని గానీ వద్దని గానీ నీకు ఒక్క ముక్కలో చెప్పలేను. నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

హార్న్ అనగానే చాలామందికి చెవులు చిల్లులు పడే చప్పుడు గుర్తొస్తుంది. ఇంట్లో వినేవాళ్ళకి దాని గొప్పతనం మెల్లగా విన్నప్పుడే తెలుస్తుంది. రాత్రిపూట పక్క గదిలో వాళ్ళ నిద్ర చెడకుండా వాల్యూమ్ తగ్గించి వింటే మామూలు స్పీకర్లలో పాట పలచబడిపోతుంది. మంచి హార్న్‌లో అలా కాదు. డ్రమ్ము మీద దెబ్బ చిన్నదవుతుంది తప్ప మొద్దుబారదు. నా మటుకు నేను ఇన్నేళ్ళు వీటితో కాపురం చేసింది అందుకే.

దూరాన ఉన్న మనిషిని కేకెయ్యాలంటే నోటికి అటూ ఇటూ చేతులు అడ్డం పెట్టుకుంటాం కదా, హార్న్ చేసే పనీ అదే. స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ కదిలి శబ్దం పుట్టించే పొర పేరు డయాఫ్రం. అది బరువైనది, గాలి తేలికైనది. డయాఫ్రం ఎంత కొట్టుకున్నా గాలి పక్కకి జారిపోతుంది. అందుకే మామూలు స్పీకర్‌కి 100 వాట్లు ఇస్తే ఒక్క వాటో, అంతకన్నా తక్కువో శబ్దంగా మారుతుంది, మిగతాదంతా డయాఫ్రాన్ని కదిలించే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్‌లో వేడి కింద పోతుంది. హార్న్ గొంతు, అంటే డయాఫ్రం వైపున్న సన్నటి మొదలు, ఇరుకు కాబట్టి అక్కడి గాలి తప్పించుకోలేదు, డయాఫ్రానికి పట్టు దొరుకుతుంది. అక్కడి నుంచి హార్న్ నెమ్మదిగా విచ్చుకుంటూ పోయి, నోటి దగ్గర ఆ ఒత్తిడిని గదిలోని గాలికి అప్పజెబుతుంది. బాగా చేసిన హార్న్‌లో 100 వాట్లకి పది, అంతకుమించి కూడా శబ్దంగా బయటికి వస్తాయి.

స్పీకర్ కాగితాల మీద సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. ఒక వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వచ్చిందో చెప్పే అంకె అది. మామూలు పెట్టె స్పీకర్‌ది 87 దగ్గర ఉంటుంది, పెద్ద హార్న్ సిస్టమ్‌ది 104 దాకా ఉంటుంది. ఈ 17 డెసిబెల్స్ తేడా అంటే యాభై రెట్ల పవర్. అక్కడ 100 వాట్ల యాంప్ (స్పీకర్‌కి పవర్ ఇచ్చే యాంప్లిఫయర్) చేసే పని ఇక్కడ రెండు వాట్లది చేస్తుంది. సినిమాకి మాటలొచ్చిన కొత్తలో హాళ్ళలో హార్న్‌లు పెట్టింది ఇందుకే. అప్పటి యాంప్‌ల పవర్ చాలా తక్కువ, హాలు చూస్తే పెద్దది. 300బీ అనే వాల్వు (పాత రేడియోల్లో వెలిగే గాజు బుడ్డి లాంటిది) ఆ కాలంలోనే వచ్చింది. ఒక్క వాల్వుతో కట్టిన యాంప్‌లో అది ఇచ్చేది ఎనిమిది వాట్లు. దాన్ని ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవాళ్ళు ఉన్నారంటే, వాళ్ళ ఇళ్ళలో హార్న్‌లు ఉండబట్టే.

నీకు ఇంకో లెక్క చెప్తాను. మీటరు దూరంలో సగటున 80 డెసిబెల్స్ వచ్చేలా వింటున్నావనుకో. 87 స్పీకర్‌కి 0.2 వాటు చాలు. పాటలో ఒక్కసారిగా దరువు లేచి 20 డెసిబెల్స్ పైకి వెళ్ళిందంటే వంద రెట్లు కావాలి, అంటే 20 వాట్లు. అదే దరువుకి 104 హార్న్ అడిగేది 0.4 వాటు. యాంప్‌కి ఆయాసం రాదు, వాయిస్ కాయిల్ వేడెక్కదు, డయాఫ్రం మిల్లీమీటరులో చిన్న వంతు కదిలితే సరిపోతుంది. కదలిక తగ్గితే డిస్టార్షన్, అంటే శబ్దం వంకరపోవడం, కూడా తగ్గుతుంది. హార్న్ వినేవాళ్ళు "ఎంత తేలిగ్గా పాడుతోందో" అంటారు చూడు, దాని వెనకున్న సంగతి ఇదే.

ఇక చిక్కులు. అన్నిటికంటే పెద్దది సైజు. హార్న్ ఒక స్వరాన్ని సరిగ్గా మోయాలంటే దాని నోటి చుట్టుకొలత సుమారుగా ఆ స్వరం తరంగమంత పొడవు ఉండాలి. 100 హెర్ట్జ్ (సెకనుకి వంద కంపనాలు) తరంగం 3.4 మీటర్లు, అంటే నోరు అడ్డంగా మీటరు పైన. 40 హెర్ట్జ్ దాకా దిగాలంటే 2.7 మీటర్లు, తలుపులో కూడా పట్టదు. అమెరికన్ ఇంజనీర్ పాల్ క్లిప్ష్ 1940ల్లో దీనికి చక్కటి ఉపాయం చేశాడు. హార్న్‌ని మడతలు పెట్టి గది మూలలో కూర్చోబెట్టి, ఆ రెండు గోడలూ నేలా హార్న్‌కే కొనసాగింపు అయ్యేలా కట్టాడు. మూలలో నోటి వైశాల్యం ఎనిమిదో వంతు ఉన్నా చాలు. అయితే గదికి సరైన మూలలు రెండు ఉండాలి, వాటిలో తలుపూ కిటికీ ఉండకూడదు, వాటికి తగిన చోట నువ్వు కూర్చోగలగాలి. ఇన్నీ కలిసొచ్చే గది ఎంతమందికి ఉంటుంది?

అందుకని ఎక్కువమంది మధ్య స్వరాలకీ పై స్వరాలకీ హార్న్, బాస్‌కి పెట్టెలో మామూలు వూఫర్ (కింది స్వరాల స్పీకర్) పెట్టుకుంటారు. నేనూ అంతే. ఇందులో తెలుసుకోవలసింది ఒకటుంది. పదిహేను అంగుళాల మంచి వూఫర్ 95 దగ్గర ఉంటుంది, పైన హార్న్ 105 అంటుంది. రెండూ సమానంగా వినబడాలంటే హార్న్‌ని రెసిస్టర్లతో (కరెంటుని కొంత అడ్డుకునే చిన్న భాగాలతో) పది డెసిబెల్స్ కిందకి దించాలి. అప్పుడు నీ సిస్టమ్ సెన్సిటివిటీ 95 అవుతుంది. హార్న్ అంకె చూపించి రెండు వాట్ల యాంప్ అంటగట్టబోతే, వూఫర్ అంకె ఎంత అని అడుగు. వూఫర్‌కి విడిగా పెద్ద యాంప్ పెట్టుకోవడం ఇంకో దారి, నాకు అదే నచ్చింది.

కొత్తవాళ్ళు అసలు ఊహించని చిక్కు యాంప్ రొద. పాట ఆపేసి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, హార్న్ నోటి దగ్గర చెవి పెట్టు. "స్‌స్‌స్" అని వస్తుంది. వాల్వు యాంప్ అయితే కింద సన్నగా హమ్ కూడా ఉంటుంది. నీ పాత స్పీకర్లలోనూ అది ఉండేది, వినిపించేది కాదు. 17 డెసిబెల్స్ ఎక్కువ సెన్సిటివిటీ అంటే ఈ రొద కూడా 17 డెసిబెల్స్ పెరిగినట్టే. కారణం చూడు: సీడీ ప్లేయర్ నుంచి రెండు వోల్టులు వస్తాయి. ఇందాక చెప్పిన 0.4 వాటుకి ఎనిమిది ఓమ్‌ల హార్న్ అడిగేది రెండు వోల్టుల లోపే. మామూలు యాంప్ ఆ వోల్టులని ఇరవై రెట్లు చెయ్యడానికి తయారైంది. కాబట్టి నువ్వు వాల్యూమ్‌ని అట్టడుగున పెట్టి వింటావు. పాట తగ్గుతుంది గానీ, వాల్యూమ్ తర్వాత యాంప్‌లో పుట్టే రొద తగ్గదు. పవర్ తక్కువ యాంప్ కొంటే చాలనుకోకు, గెయిన్, అంటే వోల్టులని ఎన్ని రెట్లు చేస్తుందో ఆ అంకె, తక్కువ ఉన్నది వెతుకు. యాంప్‌కీ హార్న్‌కీ మధ్య పెట్టే రెసిస్టర్లు పాటతో పాటు రొదనీ దించుతాయి, అదొక మేలు. రాత్రి నిశ్శబ్దంలో నువ్వు కూర్చునే చోటికి రొద వినిపించకపోతే చాలు, అంతకన్నా పట్టించుకోకు.

హార్న్‌లంటే గిట్టనివాళ్ళు "డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది" అంటారు. అబద్ధమేమీ కాదు. నోటికి చేతులు అడ్డం పెట్టుకుని "అ" అను, ఆ గొంతే చెడ్డ హార్న్‌లో వినిపిస్తుంది. హార్న్ నోటి అంచు ఒక్కసారిగా తెగిపోతే శబ్దం అక్కడ తగిలి వెనక్కి గొంతులోకి పోయి మళ్ళీ వస్తుంది. రేకు పలచనైతే అదీ మోగుతుంది. అంచు గుండ్రంగా వెనక్కి తిరిగి, గట్టి చెక్కతోనో మందపాటి పదార్థంతోనో చేసినవాటిలో ఇది బాగా తక్కువ. వినడానికి వెళ్ళినప్పుడు ముందే పాట పెట్టించుకోకు. నీకు బాగా తెలిసిన మనిషి మాట్లాడిన రికార్డింగ్ తీసుకెళ్ళు, మగ గొంతయితే ఇంకా మంచిది. ఆ మనిషి ముక్కుతో మాట్లాడుతున్నట్టు అనిపించిందా, లేచి వచ్చెయ్. పాటలు మోసం చేస్తాయి, తెలిసిన గొంతు చెయ్యదు.

హార్న్ శబ్దాన్ని ఒక వైపుకే పంపుతుంది. పక్క గోడలకి తగిలి తిరిగొచ్చేది తగ్గి, మాట స్పష్టంగా వస్తుంది. పాత రకం హార్న్‌లలో స్వరం పైకి వెళ్ళేకొద్దీ ఆ ధార సన్నబడుతుంది, సోఫా మధ్యలో కూర్చున్నవాళ్ళకి ఒక పాట, అంచున ఉన్నవాళ్ళకి ఇంకో పాట. 1970ల నుంచి వచ్చిన రకాలు దీన్ని చాలావరకు సరిచేశాయి. మీ ఇంట్లో నలుగురూ కలిసి వింటారు కాబట్టి కొత్త రకమే చూడు. పెద్ద సిస్టమ్‌కి మూడు మీటర్ల కన్నా దగ్గర కూర్చుంటే వూఫర్ ఒకచోట, హార్న్ ఒకచోట పాడుతున్నట్టు ఉంటుంది. వాటి పొడవుల్లో తేడా ఉంటే ఒకటి ఆలస్యంగా కూడా చేరుతుంది, మీటరుకి దాదాపు మూడు మిల్లీసెకన్లు. డిజిటల్ క్రాసోవర్ (స్వరాలని వూఫర్‌కీ హార్న్‌కీ విడగొట్టి పంపే పరికరం) ఉంటే దాన్ని అక్కడే సరిచేసుకోవచ్చు.

నా చేతులారా జరిగిన ఒక నష్టం చెప్తాను, నీకు జరగకూడదు. హార్న్ డ్రైవర్‌ని (హార్న్ వెనక డయాఫ్రం ఉండే భాగాన్ని) నేరుగా యాంప్‌కి కలిపాను, మధ్యలో కింది స్వరాలని ఆపే కెపాసిటర్ పెట్టలేదు. ఒకరోజు స్విచ్ వేయగానే "టప్" అంది. ఆ తర్వాత ఒక వైపు గొంతులో గరగర. డ్రైవర్ వెనక మూత విప్పి చూస్తే, ఉల్లిపొర లాంటి టైటానియం డయాఫ్రం అంచు దగ్గర సన్నగా, వెంట్రుకంత చీరుకుపోయింది. అంతకు ముందురోజు రాత్రి అది ఎంత బాగా పాడిందో తల్చుకుంటూ చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. వూఫర్‌కీ హార్న్‌కీ విడి యాంప్‌లు పెడితే, హార్న్ డ్రైవర్‌కి వరసలో ఒక కెపాసిటర్ తప్పకుండా పెట్టు. ఎనిమిది ఓమ్‌ల డ్రైవర్‌ని 1000 హెర్ట్జ్ పైన వాడుతుంటే 80 మైక్రోఫారడ్‌లు సరిపోతుంది. పాతవి కొంటే రెండు వైపులా ఒకేలా మోగుతున్నాయో లేదో నెమ్మదిగా స్వరం పెంచుతూ విను. ఎక్కడ గరగరమన్నా వదిలెయ్.

చెవుల గురించి కూడా చెప్పాలి. మామూలు స్పీకర్ గట్టిగా పెడితే కీచుమని, ఇక తగ్గించమని అదే చెప్తుంది. హార్న్ చెప్పదు. శబ్దం పెరుగుతున్నా శుభ్రంగానే ఉంటుంది కాబట్టి పెంచుకుంటూ పోతాం. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలకి మించకూడదంటారు, ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. ఒక చిన్న సౌండ్ మీటర్ కొని సోఫా పక్కనే పెట్టుకో. ఈ ఒక్క విషయంలో నా మాట తీసెయ్యకు, తల్లీ.

నీ గది మూడు మీటర్లు, నాలుగు మీటర్లు అని రాశావు. సోఫా వెనక గోడకి ఆనించి వేసినా స్పీకర్లకి రెండున్నర మీటర్లే వస్తుంది. అంత గదిలోకి నా దగ్గరున్న లాంటివి తెచ్చుకోమని నేననను. పన్నెండు అంగుళాల వూఫర్ మీద ఒక చిన్న హార్న్ ఉండి, మొత్తం 95 దగ్గర ఉన్న జత చూడు. ఆ ఊపిరి అందులోనూ వినిపిస్తుంది, యాంప్‌కి టెన్షన్ ఉండదు, రొద కూడా నీ దాకా రాదు.

కొనేముందు మాత్రం ఒకసారి ఇక్కడికి రా. నీ పాటలు, నీకు తెలిసిన ఆ గొంతు రికార్డింగ్ వెంట తెచ్చుకో. వచ్చేలోపు గదిలో తలుపులు, కిటికీలు ఎక్కడెక్కడున్నాయో కాగితం మీద గీసి, నీ యాంప్ గెయిన్ ఎంతో చూసి రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ బాబాయ్