టెక్ సందేహాలు: ప్రమాణం తప్పనిసరి అన్నదాన్ని కంపైలర్ వద్దంటే?

ప్రశ్న: మాది అమలాపురం. పాలిటెక్నిక్ పిల్లలకు సీ భాష చెబుతాను. శ్రేణి పరిమాణాన్ని ప్రోగ్రామ్ నడుస్తుండగా నిర్ణయించే వీఎల్ఏ సౌకర్యం సీ99 ప్రమాణంలో (1999 నాటి సీ భాషా నియమావళిలో) ఉందని చదివి వారు రాసిన ప్రోగ్రామ్, జీసీసీ అనే కంపైలర్‌లో (ప్రోగ్రామ్‌ను యంత్రభాషలోకి మార్చే సాధనంలో) నడిచింది గానీ, విండోస్ ల్యాబ్‌లోని కంపైలర్ దాన్ని ఒప్పుకోలేదు. కంపైలర్లు తయారుచేసేవారే పనికిరాదనుకునే దాన్ని ప్రమాణం తప్పనిసరి చేయడం సబబేనా అండీ?

జవాబు: మాస్టారూ, ముందు ల్యాబ్ సంగతి. కావలసిన స్థలాన్ని మెమరీ అడిగే మాలాక్ ఫంక్షన్‌తో తీసుకుని, నల్ (అంటే స్థలం దొరకలేదని) వచ్చిందేమో చూసుకుని, పని అయ్యాక ఫ్రీ ఫంక్షన్‌తో తిరిగి ఇచ్చేయమనండి. ఏ కంపైలర్‌లోనైనా నడుస్తుంది. మీ కంపైలర్‌ను తప్పుపట్టలేం, ఎందుకంటే 1999లో తప్పనిసరి అయిన వీఎల్ఏను 2011 నాటి ప్రమాణమే ఐచ్ఛికంగా మార్చింది.

ఇక మీ అసలు ప్రశ్న. పనికిరాదన్న మాటను ఏం చేసి చూశాక అంటున్నారన్నదే నాకు ముఖ్యం. సీ ప్లస్ ప్లస్ 1998 ప్రమాణంలో, టెంప్లేట్ (ఏ రకం డేటాకైనా సరిపోయేలా రాసిన కోడ్ నమూనా) నిర్వచనాన్ని ఒక ఫైల్‌లో ఉంచి మరో ఫైల్‌లో వాడుకునేందుకు ‘ఎక్స్‌పోర్ట్’ అనే సౌకర్యాన్ని చేర్చారు. అప్పటికి దాన్ని పూర్తిగా చేసి చూపిన కంపైలర్ ఒక్కటీ లేదు. కాటన్ దొర కాలంనాటి మన కాలువలపై లాకులు కట్టింది పడవలు నడుస్తాయని తెలిసే గానీ, ఇక్కడ పడవ తయారుకాకముందే లాకు కట్టారు. తరవాత ఎడిసన్ డిజైన్ గ్రూప్ అనే చిన్న సంస్థ ఎంతో శ్రమపడి దాన్ని అమలుచేసింది, చేసిన ఆ ఇంజినీర్లే ఇతరులకు వద్దని సలహా ఇచ్చారు. 2003లో దాన్ని తొలగించాలన్న ప్రతిపాదన నెగ్గలేదు. 2011 ప్రమాణంలో గానీ అది పోలేదు. చేసి చూసినవారి మాట వినడానికి అన్నేళ్లు పట్టడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

ఇంటర్నెట్ ప్రోటోకాల్‌లను ప్రమాణీకరించే ఐఈటీఎఫ్ 1996 నాటి నియమాల్లో, ఒక ప్రోటోకాల్ పై మెట్టు ఎక్కాలంటే విడివిడిగా తయారై కలిసి పనిచేసే అమలులు కనీసం రెండు ఉండాలని, అలా చేసి చూపలేని సౌకర్యాన్ని తీసేయాలని ఉంది. తప్పనిసరి అనే మాట వాడే ముందు ప్రతి కమిటీ ఈ పద్ధతినే పాటించాలని నేను కోరుకుంటాను.

వీఎల్ఏ కథ వేరు, ఎందుకంటే అందులో మంచీ చెడూ కలిసే ఉన్నాయి. వీఎల్ఏకు చోటిచ్చే స్టాక్‌పై (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే పరిమిత మెమరీపై) స్థలం చాలకపోతే ఆ సంగతి ప్రోగ్రామ్‌కు తెలిపే మార్గం లేదు గనుక అది ప్రమాదకరం, 2018లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ దాన్ని పూర్తిగా వదిలించుకుంది. కానీ రెండు కొలతల శ్రేణిని దాని పరిమాణంతో సహా ఫంక్షన్‌కు అందించడానికి అంతకంటే శుభ్రమైన దారి సీలో లేదు. తరవాతి ప్రమాణమైన సీ23 ఆ రెండింటినీ విడదీసి, శ్రేణిని అలా అందించడానికి కావలసిన టైపులను మళ్లీ తప్పనిసరి చేసి, స్టాక్‌పై కేటాయింపును మాత్రం ఐచ్ఛికంగానే ఉంచింది. ఇది సరైన తీర్పు.

అయితే, చేసి చూడకుండానే ‘మాకు అక్కర్లేదు’ అనడాన్ని నేను ఒప్పుకోను. ‘చలి’, ‘జడ’ అన్నప్పుడు మన నోట పలికే దంత్య ధ్వనుల అక్షరాలు ౘ, ౙ 2008లో, కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో చేరాయి. యూనికోడ్ ప్రతి అక్షరాన్నీ చూపి తీరాలని ఎవరినీ నిర్బంధించదు గనుక, ఫాంటు చేసేవారికి అవి అనవసరమనిపిస్తే వదిలేయవచ్చు. పాత నిఘంటువును తెరపైకి ఎక్కిస్తున్న వ్యక్తికి మాత్రం ఆ చోట ఖాళీ డబ్బా కనిపిస్తుంది. ఆ రెండక్షరాలు లేని ఫాంటును పూర్తి తెలుగు ఫాంటుగా నేను లెక్కించను.