స్కూల్ చెకప్‌లో సుఖవ్యాధుల పరీక్ష... సంతకం పెట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. స్కూల్ హెల్త్ చెకప్‌లో కళ్లు, పళ్లతో పాటు సుఖవ్యాధుల పరీక్ష కూడా చేస్తారట. ఇష్టమైతే సంతకం పెట్టమని కాగితం పంపారు. మా పిల్ల అలాంటిది కాదు. పెడితే అనుమానించినట్టు అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ‘అలాంటిది కాదు’ అన్న మాట కాసేపు పక్కన పెట్టండమ్మా. క్లామిడియా, గనేరియా అనే సుఖవ్యాధులు సోకిన అమ్మాయిల్లో చాలామందికి నొప్పి, మంట, తెల్లబట్ట ఏవీ ఉండవు. వైద్యం అందక కొందరికి ఏళ్ల తర్వాత పిల్లలు పుట్టడం లేదని వచ్చినప్పుడు ఫెలోపియన్ ట్యూబులు (అండం గర్భసంచికి చేరే గొట్టాలు) మూసుకుపోయినట్టు తెలుస్తుంది. మందులు ఇన్ఫెక్షన్‌ను తగ్గిస్తాయి గానీ మూసుకున్న ట్యూబును తెరవలేవు. అదే ముందు పట్టుకుంటే క్లామిడియాకు సాధారణంగా వారం రోజుల మాత్రలతో సరిపోతుంది. అందుకే లైంగిక సంబంధం ఉన్న 25 ఏళ్లలోపు అమ్మాయిలు ఏటా ఈ రెండు పరీక్షలు చేయించుకోవాలని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది.

నన్నడిగితే, పరీక్ష కన్నా గుట్టు ముఖ్యం. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం హైస్కూళ్లలో ఒక పద్ధతి పెట్టారు. మూత్రం పట్టే కప్పు పెట్టిన కాగితం సంచి అందరి చేతికీ ఇస్తారు. అందరూ బాత్రూమ్‌కి వెళ్లొచ్చి సంచి తిరిగి ఇవ్వాల్సిందే. శాంపిల్ ఇచ్చిందెవరో, ఖాళీ కప్పు ఇచ్చిందెవరో పక్కవాళ్లకి తెలియదు. మీ స్కూల్లో ఎలా చేస్తారో, రిజల్ట్ ఎవరి చేతికి వెళ్తుందో, పాజిటివ్ వస్తే వైద్యం ఎవరు చేస్తారో అడగండి. క్లాస్ టీచర్ చేతికి వెళ్తుందంటే నేనైతే సంతకం పెట్టను, బయట డాక్టరుకి చూపిస్తాను.

ఇంకో మాట. లైంగిక సంబంధమే లేని పిల్లకి ఈ పరీక్ష అక్కర్లేదు. 1000 మందిలో 10 మందికే జబ్బుందనుకోండి. నూటికి 99 పాళ్లు సరిగ్గా చెప్పే పరీక్షయినా, జబ్బు లేని మరో పది మందికి పాజిటివ్ చూపిస్తుంది. అంటే పాజిటివ్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి జబ్బే ఉండదు. కాబట్టి ముందు కాగితం అమ్మాయికే చూపించి, తనకేమనిపిస్తోందో అడగండి. ఒకవేళ పాజిటివ్ వస్తే ‘ఎవడు వాడు?’ అని మొదలుపెట్టకండి. ఎవరైనా బలవంతం చేసి ఉండొచ్చు, భయంతో చెప్పలేకపోయి ఉండొచ్చు.

పరీక్ష సులువే. మామూలు మూత్ర పరీక్షకి మధ్య ధార పట్టమంటాం, దీనికి మాత్రం మొదటి ధారే కావాలి. అంతకుముందు గంటసేపు మూత్రానికి వెళ్లకుండా ఉండమనండి.