గులాబీ మొక్క గుబురుగా పెరుగుతోంది, పువ్వులే లేవు

ప్రశ్న: మూడేళ్ల క్రితం నర్సరీ నుంచి ఎర్ర గులాబీ తెచ్చి పెరట్లో నాటాం. రెండేళ్లు బాగా పూసింది. ఈ వానాకాలంలో మొదలు దగ్గర నుంచి రెండు కొమ్మలు ఐదడుగుల ఎత్తు లేచాయి కానీ వాటికి ఒక్క మొగ్గా లేదు. పాత కొమ్మలు చివర్ల నుంచి నల్లబడి కిందికి ఎండుతున్నాయి. పేడ ఎరువు, టీ పొడి మొదట్లో దండిగానే వేస్తున్నాం. ఏం చేయాలి? – ఒక గృహిణి, సిద్దిపేట

జవాబు: ఏపుగా లేచిన ఆ రెండు కొమ్మలు చాలావరకు మీ ఎర్ర గులాబీవి కాకపోవచ్చు. నర్సరీల్లో మొండి జాతి గులాబీ వేరు మొక్క మీద మంచి రకం కన్ను (చిగురు మొలిచే మొగ్గ) అంటు కడతారు. ఆ వేరు మొక్క నుంచి వచ్చిన పిలకలు నీరు, ఎరువు ముందుగా లాగేసుకుంటాయి. పై రకం నీరసించి ఎండుతుంది.

తేల్చుకోవడం సులువే. మొదట్లో మట్టిని వేళ్లతో మెల్లగా తీయండి. కాండం మీద ఉబ్బెత్తుగా ముడి కనిపిస్తుంది, అదే అంటు. కొమ్మ ఆ ముడి కింద నుంచి వస్తే పిలకే. ఆకుకు ఏడు చిట్టి ఆకులున్నాయని పీకేయకండి, మంచి రకాల్లోనూ ఏడు ఉంటాయి. పుట్టిన చోటే అసలు గుర్తు.

పిలకను కత్తెరతో కత్తిరించొద్దు. మిగిలిన మోడు కళ్ల నుంచి మళ్లీ రెండు మూడు లేస్తాయి. మందపాటి గ్లౌజు తొడుక్కుని, పుట్టిన చోట పట్టుకుని కిందికి లాగి మొదలంటా ఊడదీయండి.

పాత కొమ్మలది ఎండు తెగులు. పువ్వు కోశాక మిగిలిన తొడిమ మోడుల నుంచీ, కత్తిరించిన గాయాల నుంచీ శిలీంధ్రం లోపలికి దిగుతుంది. నల్లబడిన చోటుకు రెండంగుళాలు కింద, బయటి వైపు చూసే కంటికి పావు అంగుళం పైన, ఏటవాలుగా కోయండి. కోసిన ముఖం చూడండి: మధ్యలోని బెండు తెల్లగా ఉండాలి. గోధుమ రంగు చార కనిపిస్తే ఇంకా కిందికి జరగాలి. ఇక్కడే చాలామంది మొహమాటపడి ఆగిపోతారు, తెగులు లోపలే ఉండిపోతుంది. ప్రతి కోతకూ కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. గాయాలకు శిలీంధ్రాన్ని చంపే మందు కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను నీటితో చిక్కటి ముద్దలా కలిపి పూయండి. అదే మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొక్కంతా తడిసేలా చల్లండి, పది రోజులకు మరోసారి. కోసిన కొమ్మలు కాల్చేయండి.

మరో మాట. పేడ కుప్పను కాండానికి ఆనించి పోయడం మానేయండి. అంటు ముడి తడిలో మునిగి కుళ్లుతుంది. ముడి నేలకు రెండంగుళాలు పైనే ఉండాలి. ఎరువు కాండానికి జానెడు దూరంలో చుట్టూ గాడి తీసి వేయాలి.

ఇప్పుడు ఎండినవి మాత్రమే తీసి, అసలు కత్తిరింపు వానలు తగ్గాక అక్టోబరులో చేయండి. అప్పుడు మొక్కకు చివికిన పశువుల ఎరువు 5 కిలోలు, వేపపిండి 250 గ్రాములు చాలు. ఆరు గంటల ఎండ తగిలితే కత్తిరించిన ఆరేడు వారాలకు మొగ్గలు విచ్చుకుంటాయి.

ముడి పైన ఒక్క కొమ్మ పచ్చిగా ఉన్నా మొక్కను కాపాడుకోవచ్చు. పైనంతా ఎండిపోతే, ఎన్నేళ్లు పెంచినా ఎర్ర పువ్వు రాదు. దాన్ని తీసేసి కొత్త అంటు నాటడమే మేలు.