డ్రాగన్‌కి ఆకలేస్తే

బుజ్జీ,

పెద్దనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన నీ పిల్లల నవల అధ్యాయాలు రెండుసార్లు చదివాను. పిల్లాడు బాగా కుదిరాడమ్మా. హార్బర్ పక్క కుర్రాడు, నోరు దురుసు, మనసు మెత్తన. వాడి మాట చెవిలో వినబడుతోంది. డ్రాగన్ మాత్రం ఎక్కడో మంచుకొండల మీది కోటలోంచి ఊడిపడింది. ఆ కోటా మంచూ నువ్వు చూసినవి కావు, అందుకే అక్కడికి రాగానే నీ వాక్యాలు చప్పబడిపోయాయి. దాన్ని మన విశాఖకి తీసుకురా.

ఇల్లు వెతకనక్కర్లేదు, బొర్రా గుహలున్నాయి. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, ఆ గుహల గుండా వచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గుహలో పుట్టిన డ్రాగన్ పిల్ల నీటి వెంట మన దాకా కొట్టుకురావడానికి దారి సిద్ధంగా ఉంది. మధ్యలో తాటిపూడి రిజర్వాయరు అడ్డం. అది దాటడమే ఒక అధ్యాయం. ఇక భీమిలికి కాస్త ఇవతల ఎర్రమట్టి దిబ్బలు. ఆ గండ్లలో ఎర్ర డ్రాగన్ ముడుచుకుని పడుకుంటే పక్కనుంచి నడిచి వెళ్లినా ఎవరికీ కనబడదు.

అన్నిటికన్నా ముందు దాని ఒళ్లు ఎలా పనిచేస్తుందో తేల్చుకో. పొద్దున్నే మీ పిట్టగోడ మీద తొండని కాసేపు చూడు. ఒళ్లు పరిచి ఎండకి కాగుతూ ఉంటుంది, దగ్గరికెళ్లినా వెంటనే పరిగెత్తలేదు. ఒళ్లు వేడెక్కాక చూడు, ముందుకాళ్ల మీద లేచి తల ఊపుతుంది, చిటికెలో మాయమవుతుంది. ఒంట్లో వేడి తనంతట తాను పుట్టించుకోలేదు కాబట్టే అలా. నీ డ్రాగన్ కూడా ఆ జాతిదే అనుకో. నిప్పు ఊదాలంటే ముందు ఎండ తాగాలి. ముసురు పట్టిన రోజున అది పసిబిడ్డ. అప్పుడు పిల్లాడే దానికి కాపలా కాయాలి. ఇలాంటి బలహీనత లేని డ్రాగన్‌తో ఏ పిల్లాడికీ స్నేహం కుదరదు, భయమో భక్తో మాత్రమే ఉంటుంది.

తర్వాత తిండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తీరంలో మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. బడికి సెలవులు, బోటు ఒడ్డున, నాన్న ఇంట్లో ఖాళీగా, చేతిలో డబ్బు లేదు. సరిగ్గా అప్పుడే డ్రాగన్ పిల్లకి ఆకలి మొదలవ్వాలి. అమ్మ ఆ రెండు నెలల కోసం గంపలో దాచిన ఎండు నెత్తళ్లు వీడు గుప్పెడు గుప్పెడు తీసుకెళ్తాడు. ఒకరోజు అమ్మ గంప మూత తీస్తుంది. నీ నవల అక్కడుంది బుజ్జీ, కత్తియుద్ధాల్లో లేదు. ఆ సీన్ తొందరపడకుండా రాయి.

కథ అక్టోబరు దాకా నడిపి తుఫానుతో ముగించు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవి, ఆ గాలి మోత, తర్వాత కరెంటు లేని రోజులు గుర్తుండే ఉంటాయి. సూర్యుడు కనబడడు, డ్రాగన్ చల్లబడిపోతుంది. అప్పుడు ఏం చేయాలో పిల్లాడే తేల్చుకోవాలి. నీ నాలుగో అధ్యాయంలో వచ్చిన ఆ ముసలి మాంత్రికుణ్ణి తీసెయ్. పెద్దవాళ్లు వచ్చి గట్టెక్కించే కథంటే పిల్లలకి చిరాకు.

పిల్లాడి మాటల్లో మన ఉత్తరాంధ్ర యాస ఉండనీ, కథనం మాత్రం మామూలు తెలుగులో నడపు. ప్రతి వాక్యంలో 'ఏటి' పెడితే వెక్కిరించినట్టుంటుంది.

రాసింది మీ వీధిలో పదేళ్ల పిల్లలకి పైకి చదివి వినిపించు. ఎక్కడ అటూ ఇటూ కదులుతున్నారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో. గంప సీన్ అయ్యాక వెంటనే నాకు పంపు, మిగతా అధ్యాయాల కోసం ఆగొద్దు.

మీ పెద్దనాన్న