పైలట్ల తోలు జాకెట్ మన గోదావరి ఉక్కలో పనికొస్తుందా?

మీరు అడిగింది ఇదీ: పాలకొల్లులో ఉంటున్నారు, రెండో ప్రపంచయుద్ధం నాటి పైలట్ల ఏ-2 జాకెట్ లాంటిది కావాలి, పది వేలు దాటకూడదు, ఆన్‌లైన్‌లో 2,999కే ఒకటి కనిపించింది. మన ఉక్కపోతలో వేసుకోగలమా, ఎన్నాళ్లు మన్నుతుంది, నలుపు తీసుకోవాలా గోధుమరంగా?

వేసుకోవచ్చండి. కాకపోతే ఏడాదికి ఓ నలభై రోజులు, అదీ పొద్దున్న ఎనిమిది లోపు. మిగతా మూడొందల పాతిక రోజులూ బూజు పట్టకుండా దానికి కాపలా కాయాలి. నా దగ్గర ఐదేళ్లుగా ఒకటుంది. అంతకుముందు ఒకటి తగలేసుకున్నాను. అందుకని కొనడం గురించి కొంచెం, దాచుకోవడం గురించి ఎక్కువ చెబుతాను.

మాది రావులపాలెం పక్క ఊరు, అరటి గెలల వ్యాపారం. ఎంత చలికాలమైనా తెల్లారకముందే మార్కెట్లో ఉండాలి. ధనుర్మాసంలో కాలవ గట్టు మీద మంచు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. డిగ్రీలు చూస్తే పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి, వినేవాళ్లకి నవ్వులాటగా ఉంటుంది. బండి మీద నలభైలో వెళ్తే తెలుస్తుంది. ఆ తడిగాలి స్వెట్టర్ అల్లికలోంచి దూరిపోయి గుండెల్లో కూర్చుంటుంది. రెండు స్వెట్టర్లు వేసినా అంతే. తోల్లోంచి గాలి దూరదు. ఈ జాకెట్ చేసే పనల్లా అదొక్కటే. దానికి సొంత వేడి ఏమీ లేదు, మన ఒంటి వేడిని గాలి ఎత్తుకుపోకుండా చూస్తుంది. లోపల బనీను, చొక్కా ఉంటే సరిపోతుంది.

అది పుట్టిందీ గాలి కోసమే. 1931లో అమెరికా సైన్యపు విమాన దళం ఏ-2ని తమ పైలట్లకి ఖాయం చేసింది. దానికి ముందు 1927 నాటి ఏ-1కి గుండీలుండేవి. ఏ-2కి జిప్పు వచ్చింది, జిప్పు వెనక గాలి చొరబడకుండా నిలువునా ఒక తోలు పట్టీ వచ్చింది, కాలర్ మొహం మీదికి ఎగరకుండా టిచ్ బటన్లు వచ్చాయి. భుజాల మీద పట్టీలు, నడుముకీ మణికట్లకీ ఊలు అల్లిక. ఎక్కువగా గుర్రపు తోలు, కొన్ని మేకతోలు. 1943లో కొత్తగా తోలువి కుట్టించడం ఆపేసి గుడ్డ జాకెట్లకి మారారు, 1988లో అమెరికా వైమానిక దళం మళ్లీ మేకతోలుతో తెచ్చింది. పాత వాటి జేబుల్లో చేతులు దూర్చుకునే వీలు లేదు, పైన మూత ఎత్తి వస్తువులు పెట్టుకోవడమే. చవక నకళ్లలో పక్కనుంచి చెయ్యి పెట్టుకునే జేబు కూడా ఇస్తున్నారు. నిఖార్సైన ఏ-2 అభిమానులకి అది మహాపరాధం. టీ కొట్టు దగ్గర లారీ కోసం చేతులు రుద్దుకుంటూ నిలబడే నాకు మాత్రం ఆ అపరాధమే కావాలి.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు మా తాతయ్యకి తొమ్మిదేళ్లు. నా జాకెట్ కథంతా విని, "ఒరేయ్, ఆ విమానాలకి భయపడి జనం ఊళ్లు వదిలి పోతే, నువ్వు వాటి కోటు కొనుక్కొచ్చావా?" అన్నారు. ఇది జపాను వాళ్లది కాదు తాతయ్యా, వాళ్ల మీద యుద్ధం చేసినోళ్లది అని చెప్పాను. "ఎవడిదైతే ఏంటి, ఎంతెట్టావ్?" అన్నారు. మామ్మ సందేహం ఇంకోటి. జాకెట్ కొన్నానంటే "ఎవరికిరా?" అని అడిగింది పాపం.

ఎంతెట్టానంటే, మొదటిసారి 2,700. మీరు చూసిన 2,999 సరుకు లాంటిదే. పైన పెద్ద అక్షరాలతో లెదర్ అనీ, ఎక్కడో కింద పీయూ అనీ రాసి ఉంది. నేను పైనున్నది చదివాను. పీయూ అంటే గుడ్డ మీద పాలీయురెథేన్ పూత. వేడీ తేమా కలిసిన చోట ఆ పూత రసాయనికంగానే విడిపోతుంది. వాడినందుకు అరగడం కాదు, బీరువాలో పెట్టినా అంతే. రెండో వానాకాలం దాటేసరికి భుజాల దగ్గర ఎండలో కమిలిన చర్మంలా పొరలు లేచాయి. సంక్రాంతికి వేసుకుంటే మెడ నిండా, తెల్ల చొక్కా నిండా నల్ల పొట్టు. మార్కెట్లో ఒకాయన "పైలట్ గారికి కుబుసం ఊడుతోందండోయ్" అని కేకేశాడు. ఆ పేరు ఇప్పటికీ పోలేదు, రోజూ ఎవరో ఒకరు విమానం ఎక్కడ ఆపావంటారు.

ఆ ధరకి అసలు తోలు ఎలా వస్తుందో ఒకసారి లెక్కేసుకోండి. మేకతోలు ఒక్కోటి ఐదారు చదరపు అడుగులుంటుంది, ఒక జాకెట్‌కి ముప్పై అడుగుల పైనే పడుతుంది. అంటే ఐదారు తోళ్లు, లోపలి గుడ్డ, జిప్పు, అల్లిక, రెండు మూడు రోజుల కుట్టుకూలి. 2,999లో ఇవన్నీ ఎక్కడ పడతాయి? మరోవైపు, అప్పటి సైన్యపు కాంట్రాక్టు జాకెట్ల కొలతలు దించి గుర్రపు తోలుతో కుట్టే జపాను, ఇంగ్లండు కంపెనీలవి లక్ష రూపాయల పైమాటే. మనకి ఆ ఊసెందుకు.

రెండోది చెన్నైలో ఉండే మా బావ కుట్టించి పెట్టాడు. పెరియమెట్ సందుల్లో తోళ్ల కొట్లు బారులు తీరి ఉంటాయి, అక్కడ తోలు చూసి, పక్కనే ఓ చిన్న కార్ఖానాలో ఇచ్చాడు. అప్పట్లో 9,200 అయింది. మేకతోలే అడిగాను. గొర్రెతోలు మెత్తగా హాయిగా ఉంటుంది కానీ మేకు తగిలితే పర్రున చిరుగుతుంది. మేకతోలు మీద చిన్న చిన్న గింజల్లాంటి గరుకుంటుంది, పలచగా ఉన్నా గట్టిది. ఆవుతోలు గడప దాటకూడదని మామ్మ షరతు, గేదెతోలు వేసుకుంటే మోత బరువు.

ఇంకో సంగతి తోలు పదును చేసిన తీరు, అంటే పచ్చితోలు కుళ్లకుండా చేసిన పద్ధతి. తంగేడు చెక్క, కరక్కాయలతో పదును చేసింది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వాడేకొద్దీ రంగు తిరుగుతుంది, కానీ మన తేమలో దానికి బూజు తొందరగా పడుతుంది. క్రోమ్ పదును తోలు, అంటే క్రోమియం లవణాలతో పదును చేసింది, కాస్త ఓర్చుకుంటుంది. డెల్టాలో ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని క్రోమే తీసుకోండి.

చేతికొచ్చాక జేబు లోపల గానీ పట్టీ కింద గానీ కోసిన అంచు వెతకండి. అసలు తోలైతే ఆ అంచు పీచుపీచుగా ఉంటుంది. పీయూ అయితే గుడ్డా పైపూతా రెండు పొరలు విడిగా కనిపిస్తాయి. నీటిచుక్క పరీక్ష, అగ్గిపుల్ల పరీక్ష అని వీడియోల్లో చూపిస్తారు. రెండూ వద్దు. మంచి తోలుకి కూడా నీరు పీల్చని పూత వేస్తారు, ఇక అగ్గిపుల్ల సంగతి నేను చెప్పాలా!

ఇక దాచుకోవడం. గాలిలో తేమ 65, 70 శాతం దాటి కదలిక లేకపోతే తోలు మీద బూజు మొలుస్తుంది. మనకి జూలై నుంచి అక్టోబరు దాకా అంతకన్నా తగ్గే రోజు ఎప్పుడొస్తుంది? జాకెట్ వచ్చిన ప్లాస్టిక్ కవర్లోనే పెట్టి ఇనప బీరువాలో పడేస్తే, దసరాకి తీసేసరికి పచ్చటి బొచ్చుతో దర్శనమిస్తుంది. నేను ఒక పాత పంచెతో సంచి కుట్టించాను. వెడల్పాటి చెక్క హ్యాంగర్‌కి తగిలించి, గోడకి ఆనకుండా, ఫ్యాను గాలి తగిలే గదిలో వేలాడదీస్తాను. మా గోడలు వానాకాలంలో చెమ్మెక్కుతాయి, ఒక ఏడు గోడకి ఆనిన వీపు మేరకే బూజు పట్టింది. సన్న హ్యాంగరైతే భుజాలు కొమ్ములొచ్చి అలాగే ఉండిపోతాయి. జేబుల్లో సిలికా జెల్ పొట్లాలు పెట్టుకోవచ్చు, కానీ అవి నిండిపోయాక మళ్లీ వేడి చెయ్యకపోతే ఉన్నా లేనట్టే. వేపాకు పెట్టమంటారు, ఎండినదైతేనే పెట్టండి, పచ్చిదైతే మనమే తేమ తెచ్చి పెట్టినట్టు. పదిహేను రోజులకోసారి బయటికి తీసి, నీడలో ఓ గంట ఆరెయ్యాలి. ఎండలో వద్దు, తోలు బిగుసుకుపోతుంది.

బూజు పడితే కంగారు పడకండి. అరుగు మీదికి తీసుకెళ్లి పొడిగుడ్డతో దులిపి (ఇంట్లో దులిపితే అది మిగతా బట్టలకీ పాకుతుంది), వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డ తడిపి, బాగా పిండి తుడవాలి. ముందు లోపలెక్కడైనా కనపడని చోట తుడిచి రంగు పోతోందేమో చూసుకోండి. తర్వాత నీడలో పూర్తిగా ఆరాకే కొంచెం లెదర్ కండిషనర్.

కండిషనరే. కొబ్బరినూనె కాదు. ఇది ఎందుకు ఒత్తి చెబుతున్నానంటే, కొన్న ఏడాదికి నేను పనిమీద పది రోజులు హైదరాబాద్ వెళ్లొచ్చేసరికి జాకెట్ నిగనిగలాడుతూ దండెం మీద ఉంది. మామ్మ చేసిన పని. "మీ తాతయ్య కిర్రుచెప్పులకి ఆముదం రాసేవాళ్లంరా, ఇంట్లో ఆముదం లేదు, మన చెట్ల కొబ్బరినూనే కదాని రాశా" అంది. ఆవిడ లెక్క ఆవిడది. రోజూ తొక్కే చెప్పులకి నూనె రాస్తే అది తిరుగుతూనే ఉంటుంది, అరిగిపోతుంది. పది నెలలు వేలాడే జాకెట్‌లో నూనె అక్కడే ఉండి, కమిలి, కంపు కొట్టి, బూజుకి విందు పెడుతుంది. ఎడమ చెయ్యంతా మచ్చలు మచ్చలుగా నల్లబడింది. నూనె పీలుస్తుందని నేను బియ్యప్పిండి చల్లాను. అది ఇంకో తెలివి. పిండి కుట్ల సందుల్లో ఇరుక్కుని రెండో రోజుకి చీమల బారు. టాల్కం పౌడరు చల్లి ఒక రాత్రి వదిలేసి మెత్తటి బ్రష్‌తో దులిపితే సగం నూనె వచ్చింది, మిగతా సగం ఇప్పటికీ అందులోనే ఉంది. మామ్మతో మాత్రం బాగుందనే చెప్పాను.

జిప్పు కూడా చూసుకోండి. ఇత్తడిదైతే మన ఉప్పుగాలికి చిలుము పడుతుంది, అది తుడిస్తే పోతుంది. నాసిరకం ఇనపదైతే తుప్పు పట్టి ఓ రోజు మిమ్మల్ని జాకెట్లోనే బంధించేస్తుంది. మణికట్టు అల్లిక ఊలుదైతే పురుగు కొడుతుంది, యాక్రిలిక్‌దైతే నిప్పురవ్వకి కరుగుతుంది. నాది యాక్రిలిక్. భోగిమంట దగ్గర పిల్లలతో పిడకల దండ వేయిస్తుంటే ఒక రవ్వ వచ్చి కుడి మణికట్టుకి రూపాయి బిళ్లంత కన్నం పెట్టింది. బట్టల దర్జీ సూది తోల్లో దిగదని చేతులెత్తేశాడు. బండి సీటు కవర్లు కుట్టే అతను కుట్టిపెట్టాడు, చలికాలంలో వచ్చే స్వెట్టర్ల వాళ్ల దగ్గర ఒకటి కొని దాని అల్లిక కోసిస్తే. కొత్తగా కుట్టు వేసేటప్పుడు పాత సూదిరంధ్రాల్లోంచే వెయ్యమని చెప్పండి. తోలుకి పడ్డ రంధ్రం గుడ్డలాగా మూసుకోదు.

కొలత సంగతి. ఏ-2 నడుము దగ్గరే ఆగిపోతుంది, విమానం సీట్లో కూర్చునేవాడి కోసం కుట్టింది మరి. బండి మీద ముందుకు వంగితే వీపు కింద జానెడు చలికి తెరుచుకుంటుంది. చొక్కా టక్ చేసుకోండి, లేదా ఒక అంగుళం పొడవు పెంచి కుట్టమనండి. చంకల దగ్గర బిగుతుగా ఉండడం తప్పు కాదు, అది దాని కోతే. అన్నట్టు, ఇది బండి తోలేవాళ్ల రక్షణ జాకెట్ కాదు. తోలు మిల్లీమీటరుకి అటూఇటూగా ఉంటుంది, మోచేతుల దగ్గర మెత్తలుండవు. పడితే గీసుకుపోకుండా ఆపుతుందని ధీమా పెట్టుకోవద్దు.

బాంబర్లలో వేసుకున్న బి-3 జాకెట్ కూడా బావుంటుందా అని మీ ప్రశ్న కింద ఎవరో అడిగారు. గొర్రె ఉన్నితో సహా ఉన్న తోలది, వేడి సదుపాయం లేని విమానాల్లో అంతెత్తున గడ్డకట్టే చలికి కుట్టింది. లంబసింగిలో జనవరి తెల్లవారుజామున ఒక గంట వేసుకోవచ్చేమో. పాలకొల్లులో వేసుకుంటే ఆవిరి కుడుమైపోతారు.

రంగంటారా, గోధుమరంగే తీసుకోండి, అందులోనూ ముదురుది. పాత ఏ-2లూ గోధుమరంగు ఛాయలవే. గరుకు కాగితంతో రుద్ది పాతగా కనిపించేలా చేసినవి అమ్ముతారు, వాటికి ఎక్కువ డబ్బులు పెట్టకండి, మన ఊళ్లో రెండు వానాకాలాలు గడిస్తే ఆ పాతదనం ఊరికే వస్తుంది. నలుపు మీద గట్టు దుమ్ము పడితే కిలోమీటరు దూరానికి కనిపిస్తుంది. ముదురు గోధుమ మీద దుమ్మూ కనపడదు, అరటి జిగురు మరకా అంతగా తెలియదు, ఇంట్లో ఎవరైనా కొబ్బరినూనె రాసినా కొంతవరకు కలిసిపోతుంది.